'నా బొమ్మ ఏదన్నా?': ఒక ఇంటర్వ్యూ షో తెర వెనుక

మా మొదటి ఇంటర్వ్యూ యూట్యూబ్‌లో పెట్టిన మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది. కులం మీద బొమ్మల కథలు గీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే అమ్మాయి, మాకు చెల్లెలి వయసు. గొంతులో కోపం లేదు. "అంతా బాగుంది. కానీ నా బొమ్మ ఏదన్నా?" అని మాత్రం అడిగింది.

థంబ్‌నెయిల్ తీసి చూసుకున్నాం. ఆమె ముఖం ఉంది, తడిసిన కళ్లున్నాయి, కింద ఎర్రటి అక్షరాల్లో 'కన్నీటి కథ' అని ఉంది. ఆమె గీసిన గీత ఒక్కటి కూడా లేదు. వీడియోను మొదటి నుంచి మళ్లీ చూస్తూ ఏ విషయానికి ఎంతసేపు ఇచ్చామో కాగితం మీద రాసుకున్నాం. నలభై నిమిషాల వీడియోలో ముప్పై నిమిషాలకు పైగా బడిలో జరిగిన అవమానం, హాస్టల్‌లో పడిన బాధ. పెన్సిల్ ఎప్పుడు పట్టింది, కాగితం మీద గీస్తుందా, ఫోన్ మీద గీస్తుందా, ఎవరి బొమ్మలు చూసి నేర్చుకుంది అన్న ప్రశ్నలే లేవు.

మా బృందంలో అందరం దళితులమే. అగ్రకుల యాంకర్లు మన వాళ్లను అడిగే తీరు మీద వ్యాసాలు రాసినవాళ్లమే. తీరా మైకు మా చేతికి వచ్చాక మేమూ అదే అడిగాం. వెబ్‌కామిక్స్ గీసేవాళ్లతో, సినిమా, పాట, హాస్యం మీద పనిచేసే బహుజన కళాకారులతో మా చిన్న షో ఆ ఫోన్ కాల్ తర్వాత మారింది. ఏం మార్చామో, ఎందుకు మార్చామో ఇక్కడ రాస్తున్నాం. క్యాంపస్‌లలో, సంఘాల్లో ఇలాంటి షో మొదలుపెట్టాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని ముందుగా అడిగేది ఏ కెమెరా కొనాలని. కెమెరా సంగతి తర్వాత చూద్దాం.

ఈ పని మనకెందుకు

బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పత్రికను 1920 జనవరి 31న మొదలుపెట్టారు. నోరులేనివాళ్ల నాయకుడు అన్న అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టారు. 76 ఏళ్ల తర్వాత, 1996 నవంబరులో, బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికి, ఒక్కరూ దొరకలేదని 'పయనీర్' పత్రికలో రాశాడు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనం 121 న్యూస్‌రూం నాయకత్వ స్థానాలను పరిశీలిస్తే 106 స్థానాల్లో అగ్రకులాల వాళ్లే ఉన్నారు. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు.

బొమ్మల్లోనూ ఇదే కథ. అంబేద్కర్ బతికున్న కాలంలో పత్రికలు ఆయన మీద వేసిన కార్టూన్లను తెలుగువాడైన కార్టూనిస్టు ఉన్నమతి శ్యాంసుందర్ వెతికి తీసి, 2019లో 'నో లాఫింగ్ మ్యాటర్' అనే పుస్తకంగా తెచ్చాడు. 1932 నుంచి 1948 దాకా వచ్చిన వందకు పైగా కార్టూన్లు అందులో ఉన్నాయి. నత్త మీద కూర్చున్న అంబేద్కర్, వెనక కొరడాతో నెహ్రూ ఉన్న శంకర్ కార్టూన్ 1949 నాటిది. అది ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలో ఉండటం మీద 2012లో పార్లమెంటు దద్దరిల్లింది. అప్పుడు చాలామంది పెద్దలు మనకు హాస్యం అర్థం కాదన్నారు. ఆ కార్టూన్లు గీసిన చేతులు ఎవరివి, నవ్వినవాళ్లు ఎవరు అన్న ప్రశ్నను మాత్రం కొద్దిమందే పట్టించుకున్నారు.

ఇప్పుడు గీసే చేతులు మనవీ ఉన్నాయి. బేకరీ ప్రసాద్ పేరుతో సిద్ధేష్ గౌతమ్, ఆర్టెడ్కర్ పేరుతో రాహీ పుణ్యశ్లోక ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన బొమ్మలు మన పిల్లల ఫోన్లలో తిరుగుతున్నాయి. 2011లో యూట్యూబ్‌లో మొదలైన దళిత్ కెమెరా, మన మాటను మనమే రికార్డు చేసుకోవచ్చని చూపించింది. ఈ రెండూ కలిసే చోట మా షో ఉంది. గీసేవాళ్లు తమ పని గురించి తమ నోటితో చెప్పిన రికార్డు ఒకటి ఉండాలి. లేకపోతే రేపు వాళ్ల మీద థీసిస్ రాసేవాళ్లకు దొరికేది కన్నీళ్ల వీడియోలే.

పిలిచే ముందు

ఒక ఎపిసోడ్‌కు మేము ఎక్కువ సమయం పెట్టేది చదవడానికి. అతిథి గీసిన బొమ్మలన్నీ మొదటి పోస్టు నుంచి చివరి దాకా చూస్తాం. ఎప్పుడు రంగు మారింది, ఏ పాత్ర మాయమైంది, ఏ బొమ్మలో మాటలు లేవు అని నోటు పుస్తకంలో రాసుకుంటాం. ఇది చేయకుండా కూర్చుంటే చివరికి కులం, ఊరు, బాధ అన్న మూడు ప్రశ్నలే మిగులుతాయి.

తర్వాత ఫోన్‌లో ఒక గంట మాట్లాడతాం. రికార్డు చేయం. ఐదు విషయాలు మాత్రం స్పష్టంగా తేల్చుకుంటాం. ముఖం చూపించవచ్చా? ఇంటి పేరు, ఊరు, కాలేజీ చెప్పవచ్చా? కుటుంబం గురించి అడగవచ్చా? ఏ సంగతి అస్సలు అడగకూడదు? వీడియో బయటకు వచ్చాక బెదిరింపులు వస్తే ఆ రాత్రి పక్కన ఎవరుంటారు? చివరి ప్రశ్న అడిగితే కొందరు నవ్వుతారు. అద్దె ఇంట్లో కులం చెప్పకుండా ఉంటున్నవాళ్లు మాత్రం నవ్వరు. మారు పేరుతో గీసే కళాకారుల్లో ఎక్కువమందికి ఆ పేరే రక్షణ. దాన్ని తెర మీద బయటపెట్టడం మా చేతిలో ఉండకూడదు.

ఎవర్ని పిలుస్తున్నామన్న దానికీ ఒక చిట్టా పెట్టుకున్నాం. మొదటి ఆరుగురు అతిథుల పేర్లు రాసి చూస్తే ఐదుగురు మగవాళ్లు, అందరూ హైదరాబాద్ యూనివర్సిటీల చుట్టూ ఉన్నవాళ్లే. మాల, మాదిగ, ఉపకులాల వాళ్లు, దళిత క్రైస్తవులు, ఆదివాసులు, జిల్లాల్లో ఫ్లెక్సీలు, గోడ రాతలు చేసుకుంటూ రాత్రిళ్లు బొమ్మలు గీసేవాళ్లు ఆ చిట్టాలో లేరు. మనం ఇతరులను నిలదీసే లెక్క మన షోకూ వర్తించాలి.

అతిథికి దారి ఖర్చులు, వీలైనంత పారితోషికం ఇస్తాం. 'ఉద్యమం కోసం' అన్న మాట చెప్పి ఊరికే పని చేయించుకోవడం మన వాళ్లకు కొత్త కాదు. ఇవ్వలేని నెలలో ఆ సంగతి ముందే చెబుతాం.

ప్రశ్న ఎక్కడ మొదలవుతుంది

మేము పెట్టుకున్న నియమం చిన్నది. మొదటి ప్రశ్న బొమ్మ మీద ఉండాలి. కులం గురించి అడగకూడదని దీని అర్థం కాదు. కులం మీద గీసిన బొమ్మలోకి వెళితే కులం దానంతట అదే వస్తుంది, అది కూడా కళాకారుడు ఎంచుకున్న దారిలో వస్తుంది.

ఉదాహరణకు 'భీమాయన' చూడండి. 2011లో నవయాన ప్రచురించిన ఈ పుస్తకానికి బొమ్మలు వేసింది దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం అనే పర్ధాన్ గోండు కళాకారులు. కామిక్ అంటే గళ్లు గళ్లుగా ఉండాలన్న పద్ధతిని వాళ్లు ఒప్పుకోలేదు. పాత్రలు ఊపిరి పీల్చుకునేలా పేజీని తెరిచి పెట్టారు. మంచి మాట పలికేవాళ్ల మాట బుడగ పక్షి ఆకారంలో ఉంటుంది, అంటరానితనం చూపే మాటకు తేలు తోక ఉంటుంది. ఇప్పుడు ఇద్దరు యాంకర్లను ఊహించుకోండి. ఒకరు "అంబేద్కర్ పడిన అవమానాలు చదివినప్పుడు మీకెలా అనిపించింది?" అని అడుగుతారు. ఇంకొకరు "మాటకు తేలు తోక పెట్టాలని ఎలా తోచింది?" అని అడుగుతారు. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులో అవమానమూ ఉంటుంది, గోండు కళా ఉంటుంది, ఆ ఇద్దరి తెలివీ ఉంటుంది.

ఇలాంటి ప్రశ్నలు కొన్ని మా పుస్తకంలో ఉన్నాయి. అందరూ 'నీలం ఎందుకు' అని అడుగుతారు. మేము 'ఈ బొమ్మలో నీలం ముదురు, ఆ బొమ్మలో పలచన, ఎందుకని' అని అడుగుతాం. తెలుగులో గీసేవాళ్లను అక్షరాల గురించి అడుగుతాం. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ కామిక్‌ కొలతతో గీసిన మాట బుడగలో తెలుగు పట్టదు. కొన్ని బొమ్మల సాఫ్ట్‌వేర్లలో సెట్టింగు మార్చకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఈ తలనొప్పి గురించి అడిగితే అతిథి కుర్చీలో ముందుకు జరిగి కూర్చోవడం చాలాసార్లు చూశాం.

తెర ఆకారం గురించి కూడా అడుగుతాం. దక్షిణ కొరియాలో నేవర్ సంస్థ 2004లో వెబ్‌టూన్ మొదలుపెట్టాక, వేలితో పైకి జరుపుతూ చదివే నిలువు కథలు ప్రపంచమంతా పాకాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో కథ పక్కకు జరుగుతుంది. ఒక పోస్టులో చాలా ఏళ్లు పది బొమ్మలే పట్టేవి, 2024లో ఆ సంఖ్య 20 అయింది. పది బొమ్మల్లో కారంచేడునో చుండూరునో చెప్పాలంటే ఏది వదలాలి? వదిలినదాని గురించి అడిగితే చరిత్రను గీసేవాడి బాధ్యత ఏమిటో తెలుస్తుంది.

బాధ గురించి అడగాల్సి వస్తే దానికీ ఒక పద్ధతి ఉంది. ఆ సంగతి అతిథి తన బొమ్మలో ఇప్పటికే చెప్పి ఉండాలి, లేదా తానే ఎత్తాలి. గొంతు ఆగితే మేము ఆగుతాం. కెమెరాను ముఖానికి దగ్గరగా జరపం.

గది, మైకు, కెమెరా

మాది సికింద్రాబాద్‌లో ఒక అద్దె గది. పక్కింట్లో కుక్కరు కూత, వీధిలో కూరగాయల బండి మైకు, పైన ఫ్యాను. ప్రేక్షకులు బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే వెళ్లిపోతారు. అందుకే చేతిలో ఉన్న కొద్ది డబ్బు ముందు కాలర్ మైకులకు పెట్టండి. కెమెరాకు ఫోన్ చాలు, ట్రైపాడ్ ఉంటే చాలు.

ఖాళీ గోడలు మాటను తిరిగి కొడతాయి. పరుపు నిలబెట్టి, దుప్పట్లు వేలాడదీస్తే ఆ మోత తగ్గుతుంది. రికార్డింగ్‌కు ముందు ఫ్యాను ఆపి, ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం గది చప్పుడును రికార్డు చేస్తాం. కత్తిరించిన చోట ఆ చప్పుడు అతికితే కోత వినపడదు. వేరే ఊళ్లో ఉన్న అతిథితో మాట్లాడేటప్పుడు నెట్ కాల్ ఆడియో మీద ఆధారపడం. ఎవరి ఫోన్‌లో వాళ్లు తమ గొంతు రికార్డు చేసుకుంటారు, మొదట్లో ఒకసారి చప్పట్లు కొడతాం. ఎడిటింగ్‌లో ఆ చప్పట్ల దగ్గర రెండు ఆడియోలూ కలుస్తాయి. రికార్డింగ్ అవ్వగానే ఫైళ్లు రెండు చోట్ల దాస్తాం. ఒకసారి ఒకే కార్డు మీద ఉంచి మొత్తం పోగొట్టుకున్నాం. ఆ అన్నకు మళ్లీ అదే జవాబులు చెప్పే ఓపిక లేకపోయింది, ఉండాలని అడిగే హక్కు మాకూ లేదు.

అతిథి కూర్చునే కుర్చీ, యాంకర్ కుర్చీ ఒకే ఎత్తులో ఉంటాయి. చిన్న విషయమే, కానీ కుర్చీ సంగతి మనకు వేరే చెప్పాలా?

బొమ్మను తెర మీద పెట్టడం

కామిక్‌ను చదివేవాడు తన ఇష్టమొచ్చినంత సేపు చూస్తాడు. వీడియోలో ఆ వేగం ఎడిటర్ చేతిలో ఉంటుంది. అందుకే ప్రతి ప్యానెల్‌నూ నెమ్మదిగా చదివేవాళ్లు రెండుసార్లు చదివేంత సేపు ఆపుతాం. ఆ సమయంలో వెనక సంగీతం పెట్టం. స్క్రీన్‌షాట్లు వాడకుండా అసలు ఫైళ్లు అడిగి తీసుకుంటాం. అడ్డ తెరలో పట్టడం కోసం బొమ్మ అంచు కోయం, ముఖ్యంగా సంతకం ఉన్న మూల. యాంకర్ ఆ బొమ్మను మాటల్లో వర్ణిస్తారు. చూపు లేనివాళ్లకు, బస్సులో వింటూ వెళ్లేవాళ్లకు కూడా అది అందాలి.

ఇక్కడ చట్టం కూడా తెలిసి ఉండాలి. కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్ విమర్శ, సమీక్ష కోసం ఒక రచనను న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. అయినా మేము ప్రతి బొమ్మకూ రాతపూర్వక అనుమతి తీసుకుంటాం, పేరు వేస్తాం. 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా కళాకారుడికి తన పేరు కోరే హక్కు, తన పేరుకు మచ్చ తెచ్చేలా పనిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఉంటాయి. గీసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతలోనే ఉండాలి, గడువు రాయకపోతే దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తారు. మన బొమ్మలను పోస్టర్లకూ టీషర్టులకూ వాడుకుని పేరు వేయని సంఘాలు మన లోపలే ఉన్నాయి. అడగడానికి మొహమాటపడకండి.

ఎడిటింగ్ దగ్గర

షో ఎవరిదో తేలేది ఇక్కడే. గంటన్నర ఫుటేజీ నలభై నిమిషాలు అవుతుంది. ఏది పోతుందో నిర్ణయించే మనిషి ప్రేక్షకులకు కనపడడు.

మా మధ్య పెద్ద గొడవ భాష మీద వచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఒక అతిథి తన యాసలో మాట్లాడితే, సబ్‌టైటిళ్లు రాసినవాళ్లు దాన్ని పత్రికల తెలుగులోకి మార్చేశారు. 'చదివేవాళ్లకు సులువుగా ఉంటుంది' అన్నది వాళ్ల వాదన. నోటితో ఒకటి వినపడుతుంటే కింద 'శుద్ధమైన' మాట కనపడుతుంది. బడిలో మన నోటి మాటను ఎర్ర పెన్నుతో కొట్టేసిన పంతులు పనే అది. ఇప్పుడు పలికిన మాటే రాస్తాం. ఒకటి రెండు వరుసలకు మించకుండా, చదవడానికి వీలైనంత సేపు ఉంచుతాం. వేరే ప్రాంతం వాళ్లకు తెలియని మాట వస్తే దాని అర్థం తెర మూలలో వేస్తాం.

రెండో గొడవ, పూర్తయిన వీడియోను అతిథికి ముందే చూపించాలా వద్దా అన్నది. జర్నలిజం తరగతుల్లో వద్దని నేర్పుతారు. అధికారంలో ఉన్నవాళ్లను ప్రశ్నించేటప్పుడు ఆ నియమం సరైనదే, లేకపోతే వాళ్లు తమకు నచ్చనిదంతా తీయిస్తారు. మా అతిథి తన మీద జరిగిన హింస గురించి, ఇంకా అదే ఊళ్లో ఉంటున్న అమ్మానాన్నల గురించి మాట్లాడినప్పుడు ఆ నియమం పట్టుకుని కూర్చోలేం. అలాంటి భాగాలను ముందే చూపిస్తాం, తీసేయమంటే కారణం అడగకుండా తీసేస్తాం. ఇతరుల మీద చేసిన ఆరోపణలను మాత్రం అతిథి చెప్పినంత మాత్రాన వేయం. రికార్డు చూస్తాం, అవతలివాళ్ల మాట అడుగుతాం. దీనివల్ల రెండు మంచి ఎపిసోడ్లు పోయాయి. పోనీ అనుకున్నాం.

చివరి టైటిళ్లలో అందరి పేర్లూ ఉంటాయి. టీ తెచ్చిన తమ్ముడి పేరు, పరుపు ఇచ్చిన పక్కింటి అక్క పేరు కూడా.

సినిమావాళ్లు వచ్చినప్పుడు

వినోద రంగంలో కొలత మారుతుంది. నాగరాజ్ మంజులే 'ఫాండ్రీ', పా. రంజిత్ 'కాలా' వచ్చాక కులం గురించి మాట్లాడే సినిమాకు మార్కెట్ ఉందని అందరికీ తెలిసింది. విడుదలకు ముందు ప్రచార బృందాలు మాలాంటి చిన్న షోలకూ ఫోన్ చేస్తున్నాయి. ప్రశ్నలు ముందే పంపమంటారు, కొన్ని అడగవద్దంటారు. ఒక బృందం, సినిమాలో దళిత పాత్ర వేసిన నటుడి సొంత కులం గురించి గానీ సెట్‌లో పనిచేసినవాళ్ల కూలీల గురించి గానీ అడగకూడదంది. మేము ఒప్పుకోలేదు, ఇంటర్వ్యూ జరగలేదు.

మా పద్ధతి ఇది: విషయాలు ముందే చెబుతాం, ప్రశ్నలు పంపం. ఏదైనా షరతుకు ఒప్పుకుంటే దాన్ని వీడియో మొదట్లోనే ప్రేక్షకులకు చెబుతాం. హీరో, దర్శకుల కన్నా కళా విభాగంలో, పాటల్లో, దుస్తుల్లో పనిచేసినవాళ్లను పిలవడానికి ఇష్టపడతాం. వాడను తెర మీద ఎలా కట్టారో చెప్పగలిగేది వాళ్లే.

వీడియో పెట్టిన తర్వాత

మొదటి రెండు రోజులు కామెంట్లను వంతుల వారీగా చూస్తాం. ఒక్కరే చూస్తే మనసు దెబ్బతింటుంది. వాదనకు వాదన ఇస్తాం, కులం పేరుతో తిట్టినవాటిని తీసేస్తాం. తీసే ముందు స్క్రీన్‌షాట్, లింకు, తేదీ, సమయం దాచుకుంటాం. సాక్ష్యం లేకపోతే కేసు నిలబడదు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1) సెక్షన్‌లో ఆర్, ఎస్ క్లాజులు, ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి ప్రజలకు కనపడే చోట అవమానించడాన్ని, కులం పేరుతో దూషించడాన్ని నేరం అంటాయి. యూ క్లాజు ఈ సమూహాల మీద ద్వేషం రెచ్చగొట్టడానికి, వీ క్లాజు ఈ సమూహాలు ఎంతో గౌరవించే దివంగతులను మాటతో గానీ బొమ్మతో గానీ కించపరచడానికి వర్తిస్తాయి. ఆన్‌లైన్‌లో పెట్టిన మాట కూడా 'ప్రజలకు కనపడే చోటు' కిందికే వస్తుందని 2022లో కేరళ హైకోర్టు ఒక ముందస్తు బెయిల్ కేసులో చెప్పింది. ఆ కేసులో ఉన్నది యూట్యూబ్‌లో పెట్టిన ఒక ఇంటర్వ్యూయే అన్నది మనం గమనించాలి. ఇంటర్వ్యూ ఆయుధం కూడా కాగలదు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్న నిర్ణయం అతిథిది. మేము లాయరును కలుపుతాం, స్టేషన్‌కు తోడు వెళతాం.

ఇక మొదటి ఎపిసోడ్ సంగతి. ఫోన్ వచ్చిన రోజే దాన్ని తీసేశాం. ఆమె ఒప్పుకుంటే మళ్లీ చేద్దామని అడిగితే, రెండు నెలలు ఆలోచించి వచ్చింది. ఈసారి ఆమె గీసిన హాస్టల్ గది బొమ్మ దగ్గర మొదలుపెట్టాం. అందులో ఎనిమిది మంచాలున్నాయి, ఒక్క మంచం మీద మాత్రం దుప్పటి లేదు. "ఆ మంచాన్ని కిటికీ పక్కన ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగాం. దానికి ఆమె పదకొండు నిమిషాలు జవాబు చెప్పింది. అందులో ఒక్క నిమిషం కూడా కత్తిరించలేదు. థంబ్‌నెయిల్ మీద ఇప్పుడు ఆ మంచమే ఉంది.

మొదటి వీడియోతో పోలిస్తే దీన్ని చూసినవాళ్లు తక్కువ. కానీ చూసినవాళ్లలో నల్గొండ హాస్టల్‌లో చదివే ఒక పాప తన రఫ్ నోటు పుస్తకంలో గీసిన నాలుగు గళ్ల కథను ఫొటో తీసి మాకు పంపింది. పేరు వేయవద్దంది. వేయలేదు.